మూడోసారి అడగండి

మా ఆడపడుచు మార్లిస్ ఇంటికి వెళ్ళినప్పుడు ఆవిడ "కాఫీ తాగుతారా?" అని అడిగితే వెంటనే "ఇవ్వండి" అనకూడదు. మొదటిసారి "అబ్బే, ఇప్పుడే తాగి వచ్చాను" అనాలి. రెండోసారి అడిగితే "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారికి "సరే, ఎలాగూ కాచి ఉంటే ఒక్క గుక్క" అనాలి. ఆ ఒక్క గుక్క కోసం పెద్ద కూజాడు కాఫీ ముందే కాచి ఉంటుంది. మిన్నెసోటా ఉత్తరాన ఈ హాల్వర్ లేక్‌లో పుట్టినవాళ్ళకి ఇదెవరూ నేర్పక్కర్లేదు.

నేను న్యూజెర్సీ దాన్ని. పేరు కొన్చెట్టా. మా పుట్టింట్లో అడగకుండానే పళ్ళెం నింపేవాళ్ళు, వద్దంటే తిట్టేవాళ్ళు. ముప్ఫై ఒక్కేళ్ళ క్రితం నేను కొత్త కోడలిగా ఇక్కడికి వచ్చినప్పుడు, నన్ను చూడ్డానికి మా అత్తగారి చర్చి స్నేహితురాళ్ళు ఆరుగురు వచ్చారు. "కాఫీ తాగుతారా?" అన్నాను. ఆరుగురూ వద్దన్నారు. వద్దన్నారు కదా అని ఎదురుగా కూర్చుని గంటన్నర సేపు కబుర్లు చెప్పాను. పాపం వాళ్ళు వంటింటి వైపు చూసీ చూసీ లేచి వెళ్ళిపోయారు. "ఆ అమ్మాయి పద్ధతి కాస్త వేరు" అన్నారట తర్వాత. ఈ ఊళ్ళో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

ఈ పాత భాగోతం ఇప్పుడెందుకంటే, సరిగ్గా ఈ పాడు అలవాటు వల్లే పోయిన ఫిబ్రవరిలో మా బ్రిట్టా కొంప మునగబోయింది.

బ్రిట్టా మార్లిస్ ఒక్కగానొక్క కూతురు, నా మేనకోడలు. పుట్టుకతోనే కండరాల్లో సత్తువ తక్కువ. మోటారు కుర్చీలో తిరుగుతుంది. కుడిచేతి వేళ్ళు బాగానే ఆడతాయి, నోరు ఇంకా బాగా ఆడుతుంది. రాత్రిళ్ళు ఊపిరి మిషను పెట్టుకుని పడుకుంటుంది. రోజూ ఒక మందు తాగాలి. ఆ సీసా ధర ఒకసారి విన్నాను, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. మా ఊరి చిన్న రేడియో స్టేషన్లో పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా తనే మాట్లాడుతుంది. సరస్సు మీద ఐసు ఎన్ని అంగుళాలుంది, ఏ రోడ్డు మంచుతో మూసుకుపోయింది, ఎవరి కుక్క తప్పిపోయింది, అన్నీ తనే చెప్పాలి. "లిండ్‌క్విస్ట్ గారి కుక్క మళ్ళీ పారిపోయింది. ఇది నాలుగోసారి. దొరికినవాళ్ళు తిరిగి అప్పగించే ముందు దాని అభిప్రాయం కూడా కనుక్కోండి" అని క్రిస్మస్ ముందు ఒకరోజు చెప్పింది. లిండ్‌క్విస్టులు తప్ప ఊరంతా నవ్వింది.

ఆరింటికి బ్రిట్టా మైకు ముందుండాలంటే మార్లిస్ మూడున్నరకే లేవాలి. స్నానం, బట్టలు, జడ, కాఫీ, అన్నిటికీ రెండు గంటలు పడుతుంది. బ్రిట్టా రేడియోలో చేరిన నాలుగేళ్ళుగా ఇదే వరస. "కష్టంగా లేదూ?" అని నేనెప్పుడైనా అడిగితే మార్లిస్ "ఫర్వాలేదు వదినా" అంటుంది. ఇల్లు తగలబడుతున్నా "కాస్త వెచ్చగా ఉంది" అనే మనిషి.

మార్లిస్ భర్త వెర్లిన్ కాగితం మిల్లులో పనిచేస్తాడు. ఇంటిల్లిపాదికీ వైద్యం ఖర్చు ఆ మిల్లు బీమాలోంచే వెళుతుంది. ఈ దేశంలో పిల్లలు తల్లిదండ్రుల బీమా కింద ఇరవై ఆరేళ్ళ దాకానే ఉండొచ్చు. బ్రిట్టాకి మార్చి తొమ్మిదిన ఇరవై ఆరు నిండుతాయి. మార్చి నెలాఖరుతో పేరు తీసేస్తామని నవంబరులోనే ఉత్తరం వచ్చింది.

అదే వారంలో ఇంకో ఉత్తరం కూడా వచ్చింది. రేడియో స్టేషనుకి రెండు వీధుల అవతల కొత్తగా కట్టిన ఇళ్ళలో బ్రిట్టాకి ఒక వాటా దొరికింది. వెడల్పు తలుపులు, కుర్చీతో సహా లోపలికి వెళ్ళగలిగే స్నానాలగది. రెండేళ్ళ క్రితం పేరు రాయించుకుంది, ఇప్పటికి వంతు వచ్చింది. ఏప్రిల్ ఒకటిన చేరాలి, లేదంటే తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తారు. కానీ అక్కడ ఉండాలంటే పొద్దున, సాయంత్రం, రాత్రి సాయానికి మనిషి కావాలి. ఆ మనిషిని బీమా ఇవ్వాలి. బీమా లేకపోతే మనిషి లేదు, ఇల్లు లేదు. అంతకంటే ముందు మందు లేదు.

"దార్లు లేకపోలేదు అత్తా" అంది బ్రిట్టా రెండో ఉత్తరం వచ్చిన సాయంత్రం. వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నాం. మధ్యలో మార్లిస్ చేసిన హాట్‌డిష్ పొగలు కక్కుతోంది. ఈ ఊళ్ళో ఏ కష్టం వచ్చినా ముందు ఓవెన్లో కీమా మీద బంగాళాదుంప ఉండలు పేర్చి పెడతారు, తర్వాతే మాట్లాడతారు. "బయట అమ్మే బీమా ఒకటి నేనే కొనుక్కోవచ్చు. ఆస్పత్రికి పనికొస్తుంది. కానీ రాత్రి నన్ను పక్కకి తిప్పడానికి ఎవర్నీ పంపరు."

"మరి మిల్లు వాళ్ళు అస్సలు ఉంచుకోరా?" అన్నాను.

"ఉంచుకుంటారు. నాలాంటి వాళ్ళని ఇరవై ఆరు దాటాక కూడా ఉంచుకుంటారు. కానీ నేను నా కాళ్ళ మీద నిలబడి బతకలేనని నాన్న రాసివ్వాలి."

"నీ కాళ్ళ మీద నిలబడలేవని వేరే రాయాలా?"

"అత్తా!" అంటూనే పకపకా నవ్వింది. మార్లిస్ మాత్రం గరిటె కిందపెట్టి నా వైపు ఒక చూపు చూసింది.

"నాకు నచ్చింది మూడోది" అంది బ్రిట్టా. "వికలాంగులై ఉండి ఉద్యోగం చేసుకునేవాళ్ళకి రాష్ట్రం ఇచ్చే బీమా. నెలనెలా మన వాటా కొంత కట్టాలి. మందు ఇస్తారు, మనిషిని ఇస్తారు. ఉద్యోగం మానక్కర్లేదు. కాకపోతే కౌంటీ ఆఫీసు నుంచి నర్సు ఇంటికొచ్చి చూసి, ఎన్ని గంటల సాయం కావాలో రాసుకెళ్తుంది. ఆవిడ ఎంత రాస్తే అంత."

"రెండూ పెడదాం" అన్నాడు వెర్లిన్. ఆ సాయంత్రం మొత్తానికి ఆయన మాట్లాడింది ఆ రెండు మాటలే.

మిల్లు బీమా కాగితం ఆయనే నింపాడు. డిసెంబరులో పంపాడు, జనవరిలో "కుదరదు" అని తిరిగొచ్చింది. దాని నకలు చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. 'మీ బిడ్డ సొంతంగా సంపాదించుకుని బతకగలదా?' అన్నచోట గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: 'మా అమ్మాయి చాలా కష్టపడి పనిచేస్తుంది. నాలుగేళ్ళలో రెండు రోజులే సెలవు పెట్టింది. ఊరంతా తన మాట వింటుంది.' 'ఎటువంటి సాయం అవసరం?' అన్నచోట: 'పెద్దగా ఏం లేదు. నెట్టుకొస్తున్నాం.'

"అన్నయ్యా, ఇది బీమా కాగితమా, ఉద్యోగానికి సిఫారసు ఉత్తరమా?" అని అడిగేశాను.

"అబద్ధం రాయమంటావా చెల్లెమ్మా?"

"నిజం రాయమంటున్నా!"

"అదీ నిజమే కదా" అన్నాడు. చేతిలో టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. తన కూతురు ఎందుకూ పనికిరాదని ఆయన చేత్తో ఆయన రాయలేకపోయాడు. కోపం సగం దిగిపోయింది నాకు. మళ్ళీ రాసి పంపుకోవచ్చట గానీ, జవాబుకి వారాలు పడుతుందట. ఇక భారమంతా ఆ నర్సు మీద పడింది.

నర్సు వచ్చేది ఫిబ్రవరి రెండో మంగళవారం. శనివారం నుంచే మార్లిస్ ఇల్లు కడగడం మొదలెట్టింది. సోమవారం నేను వెళ్ళి చూస్తే బ్రిట్టా గదిలో, మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టే పెద్ద ఇనప ఉయ్యాల కనబడలేదు.

"ఏదే అది?"

"గరాజులో పెట్టించాను. గదికి అడ్డంగా ఉంది వదినా."

ఊపిరి మిషను మీద కుట్టుపని చేసిన తెల్లటి గుడ్డ కప్పి ఉంది. దాని మీద పూలకుండీ. రాత్రి అవసరమైతే నొక్కే గంట మీట సొరుగులోకి వెళ్ళిపోయింది.

"మార్లిస్, నీకేమైనా మతిపోయిందా? ఆవిడ వచ్చేదే ఇవన్నీ చూడ్డానికి!"

"ఇంటికెవరైనా వస్తే చూడ్డానికి బాగుండొద్దూ?" అంది కుండీలో పూలు సర్దుతూ. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "వదినా, రేపు నీ ఆలివ్ నూనె కేకు పట్టుకురా. కానీ ఒక్కటే అడుగుతున్నా. నువ్వు నోరు విప్పకు."

"నేనా?"

"అమ్మ చెప్పింది నిజమే అత్తా" అంది బ్రిట్టా. "చిన్నప్పట్నుంచి నా గురించి నా నెత్తి మీద అందరూ మాట్లాడేసుకుంటారు. రేపైనా నా సంగతి నన్ను చెప్పుకోనీ. నా గురించి ఒక్క ముక్క మాట్లాడనని మాటివ్వు."

ఇచ్చాను. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో మా అమ్మ కడుపున పుట్టినవాళ్ళకే తెలుస్తుంది.

మర్నాడు పదింటికి నర్సు దిగింది. పేరు యోలాండా. టెక్సాస్ దక్షిణాన ఎక్కడిదో, ఇక్కడికొచ్చి మూడు నెలలట. కోటు మీద కోటు వేసుకుంది, అయినా వణుకుతోంది.

"కాఫీ తాగుతారా?" అంది మార్లిస్.

"ఇవ్వండమ్మా, రెండు చెంచాల చక్కెరతో! చేతులు కొయ్యబారిపోయాయి."

మార్లిస్ బిత్తరపోయింది. ఇంకా రెండుసార్లు అడగడానికి సిద్ధంగా ఉన్న నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. నాకైతే ఆ యోలాండాని లేచి కావలించుకోవాలనిపించింది.

ఆవిడ ఒళ్ళో కంప్యూటరు తెరిచి ఒక్కొక్కటే అడగడం మొదలెట్టింది. మంచి మనిషి. ప్రతి ప్రశ్నా బ్రిట్టా కళ్ళలోకి చూసి బ్రిట్టానే అడిగింది.

"బట్టలు వేసుకోడానికి సాయం కావాలా?"

"అబ్బే, ఫర్వాలేదండీ."

టక్కున ఒక మీట నొక్కింది. నేను ఆవిడ పక్కనే కూర్చున్నానేమో, తెర నాకు కనబడుతోంది. ఆ గడిలో సున్నా పడింది.

"స్నానానికి?"

"ఏదో అయిపోతుందండీ."

సున్నా.

"తినడానికి?"

"నెమ్మదిగా తింటాను, అంతే."

ఇంకో సున్నా. నేను కేకు ముక్క ఒకటి నోట్లో కుక్కుకున్నాను, ఖాళీగా ఉంటే మాట బయటికి వచ్చేసేలా ఉంది.

"రాత్రిళ్ళు పక్కకి తిప్పి పడుకోబెట్టాలా?"

"ఎప్పుడైనా ఒకసారి."

"అవునండీ, హాయిగా నిద్రపోతుంది" అంది మార్లిస్.

"రాత్రంతా ఒక మనిషిని ఇవ్వగలం. కావాలంటారా?"

"అయ్యో వద్దండీ" అన్నారు తల్లీకూతుళ్ళిద్దరూ ఒక్కసారే. "పాపం ఇంకెవరికైనా ఎక్కువ అవసరం ఉంటుంది" అని మార్లిస్ కలిపింది.

నోట్లో రెండో కేకు ముక్క. గుమ్మంలో నిలబడ్డ వెర్లిన్‌ని కూడా అడిగింది ఆవిడ. "చలికాలం కాస్త ఇబ్బందే" అన్నాడాయన కాసేపు ఆలోచించి. "కానీ ఇంతకంటే ఘోరంగా ఉండొచ్చు కదా."

యోలాండా కుర్చీ వైపు చూసింది, తెర వైపు చూసింది, నుదురు చిట్లించింది. అయినా "మంచిది. నేననుకున్నదానికంటే మీరు చాలా స్వతంత్రంగా ఉన్నారు, సంతోషం" అని కంప్యూటరు మూసి కోటు అందుకుంది.

బ్రిట్టా ముఖం చూశాను. చిరునవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం కుర్చీ చేతి మీద ఉన్న వేళ్ళ దగ్గర ఆగిపోయాయి. ఆ పిల్లకి తెలుసు. ఏప్రిల్ ఒకటి తన చేతుల్లోంచి జారిపోతోందని తెలుసు. అయినా "కావాలి" అన్న మాట నోరు దాటి రాలేదు. పుట్టిన దగ్గర్నుంచీ వినని మాట ఎలా వస్తుంది?

నేను కేకు మింగేశాను. మాటిచ్చింది బ్రిట్టా గురించి మాట్లాడనని. కాఫీ గురించి కాదు.

"యోలాండా గారూ, ఇంకో కప్పు కాఫీ పొయ్యమంటారా?"

"వద్దమ్మా, చాలు."

"చూశారా! మీరు వద్దంటే వద్దనే. ఇక్కడ అలా కాదు. కూర్చోండి, మీకొక సంగతి చెప్పాలి." ఆవిడ ఒక కోటు వేసుకుని రెండో కోటు చేత్తో పట్టుకుని కూర్చుంది. నేను ఆ ఆరుగురు ఆడవాళ్ళ కథ మొత్తం చెప్పాను. గంటన్నర సేపు నేను వాగిన వాగుడు, వాళ్ళు వంటింటి వైపు చూసిన చూపులు, అన్నీ. "వాళ్ళందరికీ కాఫీ కావాలి. కావాలి కాబట్టే వద్దన్నారు. ఒక్కసారే అడగడం నా తప్పు. ఈ ఊళ్ళో ఏదైనా సరే మూడుసార్లు అడగాలి. మూడోసారి చెప్పేదే జవాబు. నాకిది తెలియడానికి రెండేళ్ళు పట్టింది, మీరొచ్చి మూడు నెలలే అయింది. అంతే, కాఫీ సంగతే చెప్పాను, ఇంకెవరి గురించీ ఏమీ అనలేదు."

మార్లిస్ మెడ దాకా ఎర్రబడింది. "వదినా!" అంది పళ్ళ బిగువున.

యోలాండా నన్ను చూసింది. మార్లిస్‌ని చూసింది. పూలకుండీ కింద తెల్లగుడ్డ అంచులోంచి వేలాడుతున్న ఊపిరి మిషను గొట్టాన్ని చూసింది. మెల్లగా కోటు విప్పేసింది.

"మా శిక్షణలో ఏం నేర్పుతారంటే" అంది, "మనిషి వద్దంటే వద్దనే రాయాలి. వాళ్ళ తరఫున మనం నిర్ణయించకూడదు. అది మంచి నియమమే. కానీ ఎన్నిసార్లు అడగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు." కంప్యూటరు మళ్ళీ తెరిచింది. "బ్రిట్టా, రాత్రి ఎన్నిసార్లు తిప్పాలమ్మా?"

"చెప్పాను కదండీ, ఒకసారి."

"ఒక్కసారేనా?"

"ఒకటి... మహా అయితే రెండు."

"ఎన్నిసార్లు, బ్రిట్టా?"

రోజూ మూడు గంటలు ఊరంతటితో మాట్లాడే పిల్ల, ఒక్క మాట కోసం వెతుక్కుంటోంది.

"నాలుగుసార్లు" అంది. "నాలుగుసార్లు మెలకువొస్తుంది. తుంటి దగ్గర మంట. తర్వాత కాలు మొద్దుబారిపోతుంది. అప్పుడు కాస్త నయం."

"నువ్వు ఒక్కసారే కదే గంట కొట్టేది!" అంది మార్లిస్.

"నీ భుజం అమ్మా."

"నా భుజానికేమైంది?"

"రెండేళ్ళ నుంచి కాఫీ కూజా ఎడంచేత్తో వంచుతున్నావు. నాకు కనబడదా? నేను గంట కొడితే నువ్వు లేచొచ్చి, ఆ భుజంతో నన్ను తిప్పాలి. మళ్ళీ మూడున్నరకి లేవాలి. అందుకే మర్నాటి వార్తలు మనసులో చదువుకుంటూ పడుకుంటా. ఐసు అంగుళాలు, మూసిన రోడ్లు. లిండ్‌క్విస్ట్ కుక్క జోకు అలా పుట్టిందే."

నవ్వించబోయింది. ఎవరూ నవ్వలేదు. యోలాండా మార్లిస్ వైపు తిరిగింది.

"మరి మీకు నిద్ర పడుతుందా అమ్మా?"

"ఆఁ, బానే పడుతుంది."

"బానేనా?"

"ఫర్వాలేదండీ, అలవాటే."

"పడుతుందా?"

మార్లిస్ చేతిలోని రుమాలుని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "నేను మేలుకునే ఉంటాను" అంది, నర్సుతో కాదు, బ్రిట్టాతో. "నీకు మెలకువొస్తే మిషను చప్పుడు మారుతుంది. గోడ అవతల నాకు తెలిసిపోతుంది. లేచి మంచం మీద కూర్చుంటా, గంట కొడతావేమోనని. కొట్టవు. నీ పదహారో ఏట ఒకసారి గంట కొట్టకుండానే వచ్చానని 'నేనేం పసిపిల్లనా, పిలిస్తే రా' అన్నావు. అందుకని పిలిచేదాకా రాను. మళ్ళీ నీ ఊపిరి కుదురుకునేదాకా అలాగే కూర్చుంటా."

"నాలుగుసార్లూనా?"

"నాలుగుసార్లూ."

పదేళ్ళు! ఒక గోడకి ఇవతల ఒకరు, అవతల ఒకరు. ఒకరికి నొప్పి తెలియకూడదని ఒకరు, ఒకరి మాట దాటకూడదని ఇంకొకరు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. నాకు దాచుకోవడం చేతకాదు. మార్లిస్ లేచి వెళ్ళి కూతురి తల తన పొట్టకి ఆనించుకుని నిలబడింది.

అప్పుడే వెనకాల కీచుమని చప్పుడైంది. వెర్లిన్ గరాజులోంచి ఆ ఇనప ఉయ్యాలని తోసుకొస్తున్నాడు. చక్రాలకి మంచు అంటుకుని ఉంది. కడిగిన నేల మీద రెండు బురదచారలు గీసుకుంటూ తెచ్చి, సరిగ్గా నర్సు ముందు పెట్టాడు.

"ఇది వాడతామండీ" అన్నాడు. "రోజూ."

యోలాండా అన్ని గడులూ చెరిపేసి మొదట్నుంచి మొదలెట్టింది. ప్రతి ప్రశ్నా మూడేసిసార్లు అడగడం వల్ల మధ్యాహ్నం రెండయింది. చివరికొచ్చేసరికి బ్రిట్టా రెండోసారికే నిజం చెప్పేస్తోంది. కేకు మొత్తం అయిపోయింది, ముందురోజు మిగిలిన హాట్‌డిష్ కూడా అయిపోయింది. వెళ్ళేముందు యోలాండా మిల్లు బీమా సంగతి కూడా అడిగి తెలుసుకుంది. డాక్టరు చేత గట్టిగా రాయించి మళ్ళీ పంపమంది. రెండు బీమాలూ ఉండొచ్చట, మిల్లు బీమా కట్టగా మిగిలింది రాష్ట్రం బీమా కడుతుందట.

"కానీ నాకు ఉద్యోగం ఉంది కదా?" అంది బ్రిట్టా.

"ఉండనీ. ఆ జీతంతో ఆ మందు కొనుక్కోగలవా?"

"ఆ సీసా మూత కూడా రాదండీ."

"మరింకేం! అదే రాయించండి."

ఆ రాత్రే వెర్లిన్ కాగితం మళ్ళీ నింపాడట. 'చాలా కష్టపడి పనిచేస్తుంది' అన్న వాక్యం మాత్రం కొట్టెయ్యనన్నాడు. దాని కింద మూడు పేజీలు రాశాడు. పెళ్ళయ్యాక ఆయన రాసిన అతి పెద్ద ఉత్తరం అదేనని మార్లిస్ చెప్పింది. దానికి మిల్లు బీమా వాళ్ళ జవాబు ఇంకా రాలేదు.

రాష్ట్రం ఉత్తరం మాత్రం మార్చి ఇరవై రెండున వచ్చింది. బీమా మంజూరు. మందు మంజూరు. పొద్దున, సాయంత్రం, రాత్రంతా మనిషి మంజూరు. మార్లిస్ కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇన్ని గంటలా? ఇంకెవరికైనా తక్కువపడతాయేమో వదినా..."

"మార్లిస్!"

"సరే, సరే. అన్లేదు."

ఏప్రిల్ ఒకటిన అందరం కలిసి బ్రిట్టా సామాను కొత్త ఇంట్లో దించాం. రాత్రిపూట సాయానికి వచ్చిన మనిషి పేరు డోరీన్, పాతికేళ్ళు బడి బస్సు నడిపిన మనిషి. మోకాళ్ళు తప్ప అన్నీ గట్టివేనని తనే చెప్పింది. మంచం పక్కన గంట మీట బ్రిట్టా కుడిచేతికి అందేలా పెట్టి, మార్లిస్ దాన్ని మూడుసార్లు నొక్కి చూసింది.

మర్నాడు ఆరింటికి నేను రేడియో పెట్టుకున్నాను. "శుభోదయం హాల్వర్ లేక్! సరస్సు మీద ఐసు పల్చబడింది, ఇక ఎవరూ అడుగు పెట్టొద్దు. నా మాట వినకుండా వెళ్ళి మునిగితే మీ పేరు ఇక్కడే చదువుతా, నవ్వుతూ చదువుతా. లిండ్‌క్విస్ట్ కుక్క ఇంట్లోనే ఉంది." గొంతు ఖంగుమంటోంది. తొమ్మిది దాటాక మార్లిస్ డోరీన్‌కి ఫోన్ చేసిందట. ఏం మాట్లాడుకున్నారో నాతో చెప్పలేదు.

ఆదివారం చర్చి కింది హాల్లో ఎప్పటిలాగే కాఫీ. నా పెళ్ళికొత్తలో నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఇద్దరు ఇంకా ఉన్నారు, కూజా పట్టుకుని తిరిగేది వాళ్ళే. పెద్దావిడ మా దగ్గరికొచ్చి, "కాఫీ పొయ్యనా మార్లిస్?" అంది.

"పొయ్యండి" అంది మార్లిస్.

ఆవిడ కూజా వంచకుండా ఇంకా రెండుసార్లు అడగడానికి అలాగే నిలబడింది. మార్లిస్ కప్పు ముందుకి చాపింది. పాపం ఆవిడ పోసింది. పోస్తూ, మర్యాదకి అడిగింది, "బ్రిట్టా ఎలా ఉంది?" అని. ఆ ప్రశ్నకి ఈ హాల్లో ఇరవై ఆరేళ్ళుగా ఒక్కటే జవాబు. ఫర్వాలేదు.

"మొదటి రాత్రి నాలుగుసార్లు గంట కొట్టిందట!" అంది మార్లిస్. గొంతు హాలంతా వినబడింది. పక్క బల్ల వాళ్ళు తల తిప్పారు. "డోరీన్ చెప్పింది. నాలుగోసారికి 'సారీ' కూడా అనలేదట. నాలుగుసార్లు కొట్టింది మా అమ్మాయి!"

పెద్దావిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నోబెల్ బహుమతి వచ్చినట్టు వెలిగిపోతున్న ఆ ముఖాన్ని, కారిపోతున్న ఆ కళ్ళని చూసి కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మరి నువ్వు?" అన్నాను. "నిద్రపోయావా?"

"ఏడింటిదాకా వదినా" అంది. "ఆరింటికి తన గొంతు రేడియోలో వినకుండా నిద్రపోవడం అదే మొదటిసారి."